పన్నెండు నెలల పూత: పెరట్లోకి తేనెటీగలు, తుమ్మెదలు రావాలంటే

గుమ్మడి పిందె వేలెడంత పెరిగి, పసుపెక్కి, చేయి తగలగానే ఊడిపోతోంది. బీర పందిరి నిండా పూలే, కాయ మాత్రం నిలవడం లేదు. కాకరకాయ ఒక పక్క లావెక్కి, రెండో పక్క సన్నగా ఉండిపోయి వంకర తిరుగుతోంది. ఇక్కడ ఒడిశాలోని పర్లాకిమిడిలో అయినా, సరిహద్దు దాటగానే ఆంధ్రలో వచ్చే పాతపట్నంలో అయినా పెరటి పాదుల గురించి నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు చెప్పేది ఇదే. ఎరువు ఏం వెయ్యాలి వదినా, మందేదైనా కొట్టాలా అంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ పూల మీద ఏం వాలుతోందో చూశారా?

చాలామంది చూడరు. గుమ్మడిలో, దోసలో, కాకరలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వులో పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది. గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకెళ్లి ఆడపువ్వు మీద రాయాలి. గుమ్మడి ఆడపువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. దాని జీవితంలో ఆ పూట ఒక్కటే ఉంది. ఆ పూట ఏ తేనెటీగా రాకపోతే పిందె రాలుతుంది. వచ్చినా ఏదో ఒకసారి వాలి వెళ్లిపోతే కొన్ని గింజలే కడతాయి. గింజ కట్టిన పక్క కాయ ఊరుతుంది, కట్టని పక్క ఊరదు. కాకర, దోస వంకర పోవడానికి ఇదో పెద్ద కారణం.

మందు డబ్బా తియ్యకముందు రాలిన పిందెను చాకుతో కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులున్నా, పైన సూది గుచ్చినట్టు చుక్క ఉండి బంక కారినా అది పండు ఈగ పని. దానికి మగ పండు ఈగలను లాగే క్యూ-లూర్ ఎర ఉన్న బుట్ట వేలాడదీసి, రాలిన కాయలన్నీ ఏరి లోతుగా పాతిపెట్టాలి. లోపల శుభ్రంగా ఉందంటే పుప్పొడి అందలేదని అర్థం. ఆ వారానికి మీరే మగపువ్వు తెంపి, రేకులు వలిచేసి, మధ్యలో ఉన్న పుప్పొడి కాడను ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. గుమ్మడికి తెల్లవారిన వెంటనే, బీరకు, ఆనపకు సాయంత్రం. ఆనప, బీర, పొట్ల పువ్వులు పొద్దు వాలాక విచ్చుకుంటాయి కాబట్టి వాటిని పొద్దున్న రాస్తే లాభం లేదు. దొండకు ఈ బాధ లేదు, మనం పెంచే దొండ పుప్పొడి అందకపోయినా కాస్తుంది. ఆగాకరకు మాత్రం ఆడ తీగ, మగ తీగ వేర్వేరు. మగ తీగ లేకుండా ఎన్ని ఆడ తీగలు పెట్టినా కాయ ఉండదు.

చేత్తో రాయడం ఆ వారానికి సరే. ఏడాదంతా మనం ఆ పని చెయ్యలేం, చెయ్యక్కర్లేదు కూడా. ఈగలు వాటంతట అవి రావాలి. అవి రావాలంటే మీ గుమ్మడి పూసే రెండు నెలలే కాదు, మిగతా పది నెలలూ వాటికి తిండి ఉండాలి.

నాకిది బాగా అర్థమైంది తిత్లీ తుఫాను తర్వాత. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి, మా గజపతి జిల్లా మీదుగా పోయింది. మా ఐదు సెంట్ల పెరట్లో మునగ, పెద్ద కరివేపాకు చెట్టు, జామ పడిపోయాయి. వీధి చివర కానుగ వేళ్లతో సహా లేచిపోయింది. ఆ చలికాలం నేను ఆవాలు, ధనియాలు, టమాటా యథాప్రకారం వేశాను. మొక్కలు బాగానే వచ్చాయి. పూశాయి కూడా. కానీ అంతకుముందు ఏడు పొద్దున్నే వినబడే ఝుమ్మనే చప్పుడు లేదు. మట్టి అదే, నీళ్లు అవే, నా చేతులు అవే. పోయింది చెట్ల పూత. అప్పటి నుంచి నేను మొక్క పెట్టేటప్పుడు ముందు చూసుకునేది అది ఏ నెలలో పూస్తుందన్నదే.

చిన్న ఈగలు దూరం పోలేవు. కుట్టని చిన్న నల్ల తేనెటీగలైతే గూటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పెద్దగా వెళ్లవు. అందుకే మహేంద్రగిరి మీద అడవంతా పూసినా మీ వంగ మొక్కకు దానివల్ల ఒరిగేది తక్కువ. మీ పెరడు, పక్కింటి గట్టు, ఎదురింటి మేడ మీది కుండీలు కలిసి వాటికి లోకం.

ఏ నెలకు ఏ పూలు

చలికాలంతో మొదలుపెడితే తేలిక. కార్తీకం వెళ్లేసరికి ఆవాలు, ధనియాలు చల్లండి. కూరకి కోసుకోగా మడిలో ఒక మూల కొత్తిమీరను, ముల్లంగిని పీకకుండా పూతకు వదిలెయ్యండి. కొత్తిమీర పువ్వు చిన్నది, లోతు లేనిది. నోరు పొట్టిగా ఉండే పురుగులకు కూడా తేనె అందుతుంది. పసుపు, నలుపు చారలున్న పూల ఈగలు దాని మీద వాలతాయి. వాటిలో చాలా రకాల పిల్లలు పేనుబంకను తింటాయి, కాబట్టి రెండు పనులు ఒకేసారి అవుతాయి. కంచె పొడుగునా తొలకరిలో కంది గింజలు పెట్టి ఉంటే అవి ఈ కాలానికే పూస్తాయి. కంది పువ్వును పెద్ద నల్ల తుమ్మెదలు, ఆకు కోసే ఈగలు బాగా ఇష్టపడతాయి.

రాయగడ, కోరాపుట్ వైపు బంధువులుంటే సంతలో వలిసెలు తెప్పించుకోండి. అరకు కొండలు ఎక్కేవాళ్లు ఆగి ఫోటోలు తీసుకునే పసుపు పూలు ఇవే. నూనె గింజ పంట. వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టుకోలేదు, ఇంకో మొక్క నుంచి పుప్పొడి రావాలి. అందుకే ఈగలను పిలిచేంత తేనె పెట్టుకుని ఉంటుంది. భాద్రపదంలో గుప్పెడు గింజలు చల్లితే నెలన్నర, రెండు నెలల్లో పూతకొస్తాయి. చాప పరిచినంత జాగా చాలు. పేద నేల అయినా పరవాలేదు, నీళ్లు నిలవకపోతే చాలు. పెరటికి ఒకే ఒక్క కొత్త మొక్క చెప్పమంటే నేను వలిసెనే చెబుతాను.

సంక్రాంతి ముందూ వెనకా మామిడి, జీడిమామిడి పూతకొస్తాయి. మామిడి పూతను పట్టించుకునేది ఎక్కువగా మామూలు ఈగలే. ఇంట్లో మనం తోలేసే జాతి ఈగలే అక్కడ కాయ పట్టడానికి పనికొస్తాయి. పూత విచ్చుకున్నాక చెట్టు మీద మందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు వాటినీ చంపుకున్నట్టే. కొట్టక తప్పదనుకుంటే గుత్తి వచ్చి పువ్వు ఇంకా విచ్చుకోకముందే ఆ పని అయిపోవాలి.

ఎండాకాలం చెట్లదే. వేప, కానుగ, నేరేడు, చింత ఒకదాని తర్వాత ఒకటి పూస్తాయి. ఇవి పెరట్లో పట్టవు, నిజమే. కానీ వీధిలో కానుగను కరెంటు తీగకి తగులుతోందని మొదలంటా నరికించబోతుంటే కొమ్మలు కొట్టించి సరిపెట్టమని చెప్పే హక్కు మనకుంది. పెరట్లో పట్టేవి కరివేపాకు, నిమ్మ, మునగ. కరివేపాకును ఎప్పుడూ ఆకు కోసి పొట్టిగా ఉంచితే పూయదు. ఒక చెట్టునైనా ఎదగనివ్వండి. తెల్లటి గుత్తులు విచ్చిన రోజు చెట్టు కింద నిలబడితే మీకే తెలుస్తుంది. దాని ఆకు మీద, నిమ్మాకు మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగు పెద్దదై పచ్చగా మారుతుంది. అది సీతాకోకచిలుక పిల్ల. నాలుగు రెమ్మలు తింటుంది, తిననివ్వండి.

వానాకాలంలో జనం మొక్కలు ఎక్కువ పెడతారు గానీ ఈగలకు కష్టకాలం అదే. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టినప్పుడు అవి బయటికి రాలేవు, వచ్చిన కాసేపట్లో దగ్గర్లో ఏదో దొరకాలి. కొబ్బరి ఏడాది పొడుగునా గెల వేస్తుంది కాబట్టి కొబ్బరి ఉన్నవాళ్లు అదృష్టవంతులు. లేనివాళ్లు నువ్వులు, జనుము కాస్త చల్లుకోండి. జనుము పచ్చిరొట్ట ఎరువు కోసం వేసేవాళ్లు పూత రాగానే దున్నేస్తారు, పెరట్లో ఒక వరస వదిలేస్తే తుమ్మెదలకు పండగ. పాదులన్నీ ఆ కాలంలోనే ఉంటాయి, వాటి మగపువ్వులూ తిండే.

దసరా నుంచి తంగేడు, బంతి, చిక్కుడు, తులసి. ఇక్కడికి ఏడాది పూర్తవుతుంది.

ముద్దబంతి కాదు, రెక్కబంతి

నర్సరీకి వెళితే ముందు కంటికి కనిపించేవి ముద్ద పూలే. ముద్దబంతి, ముద్దమందారం, ముద్ద నందివర్ధనం. దండకి బాగుంటాయి, ఈగకి పనికిరావు. రేకులు అన్ని వరసలు వచ్చాయంటే పుప్పొడి ఉండాల్సిన చోట రేకులే వచ్చాయన్నమాట. తేనె ఉన్నా దారి ఉండదు. మధ్యలో పసుపు బొట్టు విడిగా కనిపించే రెక్కబంతి నారు అడగండి. చామంతి, జీనియా, గులాబీ ఏదైనా సరే, నడుమ తెరిచి కనబడేదే తీసుకోండి. ఇంట్లో ముద్ద మొక్కలుంటే పీకమని చెప్పను, పక్కన ఒక ఒంటిరెక్క మొక్క పెట్టండి, అంతే.

తులసి విషయంలో పెద్దవాళ్లతో కాస్త మాట్లాడాల్సి వస్తుంది. వెన్ను వస్తే మొక్క ముదిరిపోతుందని తుంచేస్తాం. కోటలో ఉన్న తులసిని అలాగే చూసుకోండి. గింజ రాలి పెరట్లో ఎక్కడో మొలిచిన తులసులు ఉంటాయి కదా, వాటిని తుంచకండి. రుద్రజడ కూడా అంతే. కుట్టని చిన్న ఈగలు పొద్దంతా ఆ వెన్నుల మీదే ఉంటాయి.

మా ఇరుగు పొరుగు ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు కలిసి ఉంటారు. మార్గశిరం గురువారాలు ఇద్దరికీ లక్ష్మీ పూజే. ఆ రోజు చీకటితోనే వీధిలో ఒక్క పువ్వు మిగలదు. పక్కింటి మావుసీతో నేను ఒక మాట అనుకున్నాను. మా గోడ మీదికి వచ్చిన కొమ్మ పూలు ఆవిడవి, లోపలి కొమ్మ పూలు చెట్టువి. దేవుడికి కోసేవాళ్లు సగం కోసి సగం ఉంచినా చాలు, పొద్దున్న వచ్చిన ఈగ ఖాళీగా వెళ్లదు.

కొన్నింటిని నాటక్కర్లేదు, పీకకుండా ఉంటే చాలు. గడ్డి చామంతి, తుమ్మి, అత్తిపత్తి గోడ వారగా వాటంతటవే వస్తాయి. తుమ్మి తెల్లపువ్వు మీద నడుం దగ్గర నీలి చారలున్న ఈగ ఒకటి వచ్చి, ఒక చోట నిలవకుండా గబగబా పువ్వు పువ్వుకీ తిరుగుతుంది. ఆ ఈగ వచ్చిందంటే మీ వంగతోటకు మంచి రోజులు. వంగ పువ్వులో పుప్పొడి చిన్న గొట్టాల్లో ఉంటుంది, చివర సన్నటి రంధ్రమే దారి. ఈ నీలి చారల ఈగ, నల్ల తుమ్మెద ఆ పువ్వును కాళ్లతో పట్టుకుని ఒళ్లు ఝుమ్మని అదిరిస్తే పుప్పొడి జల్లున రాలుతుంది. తేనె పట్టు కట్టే ఈగలకు ఆ విద్య రాదు. టమాటాకు, తంగేడుకు కూడా ఈ అదిరింపు ఎంతో మేలు చేస్తుంది. అందుకే తేనెపెట్టెలు తెచ్చి పెట్టుకున్నా ఈ అడవి ఈగల పని వాటితో తీరదు.

లాంటానా మాత్రం పెట్టకండి. సీతాకోకచిలుకలు వస్తాయని నర్సరీలో అంటారు, వస్తాయి కూడా. కానీ పిట్టలు దాని పళ్లు తిని గింజలు కొండల మీద పడేస్తే అక్కడ ఇంకేదీ మొలవనివ్వదు. సీతాకోకల కోసమైతే ఒంటిరెక్క నూరువరహాలు చాలు. స్థలం ఉంటే గోడ బయట ఒక జిల్లేడు ఉండనివ్వండి. పాలు కంట్లో పడకుండా జాగ్రత్త పడాలి గానీ, తుమ్మెదలకు అది ఇష్టమైన పువ్వు, నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి దాని ఆకు మీదే గుడ్లు పెడుతుంది.

రాత్రి వచ్చేవాటిని కూడా తలుచుకోవాలి. ఆనప, పొట్ల పూలకు చీకటి పడ్డాక రెక్కల పురుగులు వస్తాయి. వాటి కోసం చంద్రకాంత, రాధామనోహరం ఉంటే మేలు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని తర్వాత ఎర్రబడే రాధామనోహరం వాసన పందిరి దాకా పురుగులను లాక్కొస్తుంది. పెరట్లో పెద్ద ఎల్ఈడీ బల్బు రాత్రంతా వెలిగించకండి. అవి పువ్వు మానేసి దాని చుట్టూనే తిరుగుతాయి.

గూడు పెట్టుకునే చోటు

తిండి పెట్టి ఇల్లు లేకుండా చేస్తే అవి ఉండవు. మన కొత్త ఇళ్లలో పెరడంతా సిమెంటు. నీలి చారల ఈగలకు, ఇంకా ఎన్నో ఒంటరి ఈగలకు ఎండు మట్టి కావాలి. ఎండ తగిలే చోట, నీళ్లు నిలవని చోట, చేటంత మేర నేలను ఆకులు కప్పకుండా, తవ్వకుండా వదిలెయ్యండి. మా వెనక పాత మట్టిగోడ ఒకటి ఉంది. కూల్చి ఇటుక గోడ కడదామని మా ఆయన అంటే మా అత్తగారూ నేనూ ఒప్పుకోలేదు. చూరు కిందుండడం వల్ల అది తడవదు, దాని నిండా పెన్సిలు పట్టేంత బెజ్జాలు. ఒక్కో బెజ్జం ఒక్కో తల్లి ఈగ ఇల్లు.

గులాబీ ఆకులో ఎవరో కత్తెరతో గుండ్రంగా కోసినట్టు ముక్కలు పోయి ఉంటే చీడ అనుకోకండి. ఆకు కోసే ఈగ ఆ ముక్కలు తీసుకెళ్లి గొట్టంలో చుట్టి పిల్లలకు గదులు కడుతుంది. దానికి వెదురు గొట్టాలు కట్టి పెట్టండి. లోపల పెన్సిలు దూరేంత లావు, జానెడు పొడుగు, ఒక పక్క కణుపుతో మూసి ఉండాలి. పది, పదిహేను కలిపి తాడుతో కట్టి, తూర్పు ఎండ తగిలేలా, వాన జల్లు పడకుండా చూరు కింద కదలకుండా బిగించండి. వేలాడదీస్తే గాలికి ఊగి పనికిరాదు. గొట్టం మూతికి ఆకు గానీ మట్టి గానీ బిగిసి ఉంటే లోపల పిల్లలున్నాయని గుర్తు, అవి బయటికి వచ్చేదాకా కదపకూడదు. ఖాళీ అయిన గొట్టాలు ఏటా తీసేసి కొత్తవి పెట్టండి, లేకపోతే పాతవాటిలో బూజు, ఈగ పిల్లలను పీడించే సన్నటి నల్లి చేరతాయి. ఎండిపోయిన మునగ కొమ్మ ఒకటి లావుగా ఉంటే పొయ్యిలో పెట్టకుండా గోడకు ఆనించండి, తుమ్మెద తొలుచుకుంటుంది.

కుట్టని చిన్న ఈగలు గోడ పగుళ్లలో, పాత తలుపు తాళం రంధ్రాల్లో, స్విచ్ బోర్డు వెనక ఉంటాయి. బయటికి చిన్న మైనపు గొట్టం పొడుచుకొచ్చి ఉంటుంది. గోడకు మళ్లీ ప్లాస్టరింగ్ చేయించేటప్పుడు మేస్త్రీకి ముందే ఆ గొట్టం చూపించి ఆ చోటు వదిలెయ్యమనండి.

నీళ్లకు మట్టి మూకుడు చాలు. గులకరాళ్లు వేసి, రాళ్లు మునగకుండా నీళ్లు పొయ్యండి. రోజూ పారబోసి మళ్లీ నింపాలి. మన జిల్లాల్లో మలేరియా సంగతి తెలిసిందే కదా.

మందుల సంగతి

దుకాణంలో పురుగు అనగానే చేతిలో పెట్టేది ఇమిడాక్లోప్రిడ్. అది ఆకు మీద నిలిచే మందు కాదు, మొక్క ఒంట్లోకి పాకుతుంది. పుప్పొడిలోకి, తేనెలోకి కూడా చేరుతుంది. కొట్టిన వారం తర్వాత వాలిన ఈగకూ అందులో వాటా ఉంటుంది. పూసే మొక్కకు, పూతకు రాబోయే మొక్కకు అది వద్దు. పేనుబంకకు నీళ్లు గట్టిగా కొట్టి కడిగితే సగం పోతుంది. మిగిలినదానికి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి, పొద్దు గుంకాక, విచ్చుకున్న పూల మీద పడకుండా కొట్టండి. వేప కదా అని పొద్దున్న పూట కొట్టకూడదు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు ఏం కొట్టారో మనకు తెలియదు కాబట్టి మొదట వచ్చిన పూలు తుంచేసి, కొత్త చిగురు వచ్చాక పూయనివ్వండి.

మేడ మీద కుండీలే ఉన్నవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. ఒకే రకం మూడు నాలుగు కుండీలు పక్కపక్కన పెట్టండి. విడివిడిగా పది రకాలు పెట్టిన దానికంటే ఒక్క రకం గుంపుగా ఉంటే ఈగ కంటికి ఆనుతుంది, ఒకసారి వచ్చాక పని చూసుకుని వెళుతుంది. రెక్కబంతి, రుద్రజడ, తులసి, కొత్తిమీర, పెద్ద కుండీలో ఒక కరివేపాకు. ఇంతతో మొదలుపెట్టండి.

పూత బాగా ఉన్న పెరట్లో ఏదో ఒక ఏడు పట్టు కూడా పడుతుంది. నిమ్మ కొమ్మకో, కరివేపాకు కొమ్మకో అరచేయంత పట్టు పడితే అవి చిన్న తేనెటీగలు. కొమ్మ కదపకపోతే మనల్ని పట్టించుకోవు. కొన్నాళ్లకు తిండి, ఎండ చూసుకుని అవే లేచిపోతాయి. ఆ కొమ్మకో ఎర్రగుడ్డ కట్టి పిల్లలకు చెప్పి ఉంచండి. ఎవరినైనా కుడితే ముల్లును గోరుతో గీకి వెంటనే తీసెయ్యాలి. మొహం వాచినా, ఊపిరి అందకపోయినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మేడ అంచుకో, నీళ్ల ట్యాంకు కిందో చేటంత పెద్ద పట్టు పడితే అవి కొండ తేనెటీగలు, వాటితో ఆటలొద్దు. అలాగని కాగడా పెట్టి తగలబెట్టించకండి. దారికి దూరంగా ఉంటే వదిలెయ్యండి. జనం తిరిగే చోట ఉంటే కొండల నుంచి సంతకు తేనె తెచ్చే సవర గిరిజనుల్లో పట్టు దించడం తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్లను పిలవండి. వచ్చినవాళ్లకు ఈగలను చంపకుండా చెయ్యాలని ముందే చెప్పి, ఆ పూట వీధిలో పిల్లలను, పశువులను లోపల ఉంచండి.